న్యాయ సలహా: కొవిడ్ మిగిల్చిన చిక్కులు, దగ్గర పడుతున్న గడువులు

ఏప్రిల్ 2022 సంచిక (ఇందులోని గడువులు, పథకాలు, నిబంధనలు అప్పటివి; 2022 మే నెల గడువులు ముగిసిపోయాయి)

ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో కొవిడ్ ఊసు లేనిది ఈ మధ్య అరుదు. ఆసుపత్రి మంచం దగ్గర మొదలైన కథ బ్యాంకు నామినీ దగ్గరికో, అద్దె బకాయి దగ్గరికో, కాలేజీ అల్మారాలో చిక్కుకున్న మార్కుల మెమో దగ్గరికో వచ్చి ఆగుతోంది. అన్నింటికీ ఒకే సంచికలో జవాబు చెప్పడం సాధ్యం కాదు గనుక, ఇప్పుడు కదలకపోతే హక్కే చేజారిపోయే విషయాలను ముందుగా తీసుకున్నాను.

పాఠకులు రెండు గడువులు గుర్తు పెట్టుకోవాలి. 2022 మార్చి 20కి ముందు కొవిడ్‌తో మరణించినవారి కుటుంబాలు 50,000 రూపాయల పరిహారం కోసం దరఖాస్తు చేసుకోవడానికి సుప్రీంకోర్టు మార్చి 24న 60 రోజుల గడువు పెట్టింది. అది మే 23తో ముగుస్తుంది. ఆ తర్వాత జరిగిన మరణాలకు, మరణించిన రోజు నుంచి 90 రోజులు. ఇక దావాలు, అప్పీళ్లు వేయాల్సిన కాలపరిమితి 2020 మార్చి 15కూ 2022 ఫిబ్రవరి 28కీ మధ్య ముగిసిపోయినవారికి, మార్చి 1 నుంచి కనీసం 90 రోజుల వ్యవధి ఉంటుందని అదే కోర్టు జనవరి 10న చెప్పింది. అంటే మే నెలాఖరుకల్లా ఆ తలుపూ మూసుకుంటుంది. మధ్యలో కోర్టుల వేసవి సెలవులు ఉన్నాయి. ఆఖరి వారం దాకా ఆగవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ప్రశ్న: మాది నరసరావుపేట. నా భర్త నిరుడు మే నెలలో చనిపోయారు. జ్వరం, ఆయాసం వస్తే గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ముక్కులోంచి శాంపిల్ తీసుకున్నారు గానీ ఆ రిపోర్టు మా చేతికి రాలేదు. సీటీ స్కాన్ చూసి కరోనా అని చెప్పి వైద్యం చేశారు. ఆరు రోజుల తర్వాత ఇక డబ్బు కట్టలేక ఇంటికి తెచ్చుకున్నాం. పదకొండో రోజున ఇంట్లోనే ప్రాణం పోయింది. మున్సిపాలిటీ ఇచ్చిన పత్రంలో కరోనా అని లేదు, కాబట్టి పరిహారం రాదని అందరూ అంటున్నారు. ఆయన ప్రైవేటు కంపెనీలో నెలకు 17,000 రూపాయల జీతానికి పనిచేసేవారు. పెళ్లికి ముందు బ్యాంకులో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు మా అత్తగారిని నామినీగా పెట్టారు. ఆ డబ్బులో నాకు వాటా లేదని మా మరిది అంటున్నాడు. నాకు ఐదేళ్ల బాబు ఉన్నాడు. నేను ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీకు చెప్పినవారు తెలిసో తెలియకో పొరపాటు చెప్పారు. మున్సిపాలిటీ ఇచ్చే మరణ ధ్రువీకరణ పత్రంలో మరణ కారణం ఎవరికీ ఉండదు. ఆ వివరం బయటపెట్టకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షనే చెబుతోంది. మరణ కారణాన్ని వైద్యుడు వేరే ఫారంలో రాస్తాడు. ఆసుపత్రిలో పోయినవారికి ఫారం 4, ఇంట్లో పోయినవారికి ఫారం 4ఎ. మీ విషయంలో ఆ ఫారం ఎవరూ రాసి ఉండకపోవచ్చు. అయినా మీ హక్కుకు భంగం లేదు. మరణ పత్రంలో కరోనా అని లేదన్న ఒక్క కారణంతో పరిహారం నిరాకరించరాదని 2021 అక్టోబరు 4న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఈ పరిహారం దయాధర్మంగా ఇచ్చేది కాదని కూడా మీరు తెలుసుకోవాలి. విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మృతుల కుటుంబాలకు సహాయం నిర్ణయించడం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ విధి అని 2021 జూన్ 30న తీర్పు వచ్చిన తర్వాతే ఈ 50,000 రూపాయలు ఖరారయ్యాయి. పాజిటివ్ రిపోర్టు వచ్చిన 30 రోజుల లోపల మరణిస్తే, ఆ మరణం ఇంట్లో జరిగినా సరే, దాన్ని కొవిడ్ మరణంగానే లెక్కించాలి. రిపోర్టు లేకపోయినా, ఆసుపత్రిలో చేర్చుకుని చికిత్స చేసిన వైద్యుడు పరీక్షల ఆధారంగా కొవిడ్ అని నిర్ధారించి ఉంటే అదీ చెల్లుతుంది. మీ భర్త సీటీ స్కాన్, ఆరు రోజుల కేస్ షీట్, డిశ్చార్జి సమ్మరీ ఇక్కడే పనికొస్తాయి.

ఆ కాగితాలు మీ దగ్గర లేకపోతే ఆసుపత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. రోగి తరఫువారు అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది. రికార్డులను మూడేళ్లు భద్రపరచాలన్న నియమం కూడా అందులోనే ఉంది కాబట్టి పారేశామన్న మాటకు తావు లేదు. ఆసుపత్రి బిల్లు బకాయి ఉందని ఇవ్వకపోతే ఆ సంగతీ దరఖాస్తులో రాయండి. మరణ కారణం మీద వివాదం వస్తే తేల్చడానికి ప్రతి జిల్లాలో ఒక ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంది. ఆసుపత్రి నుంచి రికార్డులు తెప్పించుకునే అధికారం దానికి ఉంది, 30 రోజుల్లో తేల్చాల్సిన బాధ్యతా ఉంది.

దరఖాస్తు కలెక్టరు కార్యాలయంలో ఇవ్వాలి. మరణ పత్రం, వైద్య కాగితాలు, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జత చేయండి. నరసరావుపేట 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా కేంద్రం అయింది గనుక, పాత జిల్లా అని గుంటూరుకు, కొత్త జిల్లా అని నరసరావుపేటకు మిమ్మల్ని తిప్పే ప్రమాదం ఉంది. ఒక చోట స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోండి, రెండో చోటికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఏదో ఒక కాగితం ఇంకా చేతికి రాలేదని మే 23 దాటనివ్వకండి. లోపం ఉంటే దరఖాస్తుదారుకు చెప్పి సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలే తప్ప సాంకేతిక కారణాలతో తిరస్కరించరాదని సుప్రీంకోర్టు ఆదేశం. పరిహారం చెల్లింపులు సరిగా సాగడం లేదని 2022 జనవరి 19న ఆంధ్రప్రదేశ్, బిహార్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులను ఆ కోర్టు తన ముందుకు పిలిపించింది కూడా. అందువల్ల కౌంటరు దగ్గర ఎవరు కసిరినా మీరు వెనక్కి తగ్గనవసరం లేదు. తెలంగాణ పాఠకులు మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. అది ఈ 50,000 కంటే చాలా పెద్దది. మీ భర్త జీతం 21,000 లోపు గనుక ఆయనకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉండి ఉండాలి. జీతం చీటీలో కోత చూడండి. ఈఎస్ఐ కార్పొరేషన్ కొవిడ్ సహాయ పథకం కింద, వ్యాధి నిర్ధారణకు కనీసం మూడు నెలల ముందు నుంచి పేరు నమోదై ఉండి, ఆ ముందు ఏడాదిలో నిర్ణీత రోజుల చందా జమైన కార్మికుడు మరణిస్తే, ఆయన సగటు వేతనంలో 90 శాతం మొత్తాన్ని ఆధారపడినవారికి ప్రతి నెలా ఇస్తారు. ఒక్కసారి ఇచ్చి ఊరుకునే డబ్బు కాదిది. మీకూ మీ బాబుకూ, వితంతువైతే మీ అత్తగారికీ నెలనెలా వచ్చేది. పీఎఫ్ ఖాతా ఉంటే దానితో పాటే ఈడీఎల్ఐ అనే బీమా ఉంటుంది. దానికి ఉద్యోగి జీతంలో కోత ఉండదు, చందా యజమానే కడతాడు. అందుకే చాలా కుటుంబాలకు ఆ పేరే తెలియదు. గరిష్ఠంగా 7 లక్షలు, ఏడాది పాటు విడవకుండా పనిచేసి ఉంటే కనీసం రెండున్నర లక్షలు వస్తాయి. దీనికి ఫారం 5 ఐఎఫ్, పీఎఫ్ నిల్వకు ఫారం 20, పింఛనుకు ఫారం 10డి పెట్టాలి. పింఛను మీకే కాక, బాబుకు 25 ఏళ్లు వచ్చే వరకు వాడి పేరునా వస్తుంది. ఇవన్నీ అయ్యాక ఆయన బ్యాంకు పాస్‌బుక్ తీసి 2020 మే, జూన్ నెలల పద్దులు చూడండి. అక్కడ 330 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం కావచ్చు. ఆ పాలసీ మొత్తం 2 లక్షలు. ఆలస్యమైందని ఊరుకోకుండా బ్యాంకుకు క్లెయిం రాసివ్వండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి. బ్యాంకులో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, ఆ డబ్బుకు యజమాని కాదు. బ్యాంకు మీ అత్తగారికి చెల్లిస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది, కానీ ఆమె దాన్ని వారసులకు పంచాలి. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడికి భార్య, పిల్లలు, తల్లి మొదటి తరగతి వారసులు; ముగ్గురికీ సమాన వాటాలు. మీకు మూడో వంతు, మీ బాబుకు మూడో వంతు, మీ అత్తగారికి మూడో వంతు. మీ మరిదికి ఇందులో చట్టపరంగా ఏ వాటా లేదు. బాబు వాటాకు సహజ సంరక్షకురాలు మీరే. అత్తగారు కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఆమె వాటా ఆమెకు న్యాయంగా చెందుతుంది. ఈ మాట మీరే ముందుగా ఆమెతో అంటే గొడవ కోర్టు దాకా పోకపోవచ్చని నా అనుభవం. పోవలసి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నాను. మా అన్నయ్య, వదిన సెకండ్ వేవ్‌లో ఎనిమిది రోజుల తేడాతో పోయారు. వారి పాపకు పదకొండేళ్లు, ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మాకు ఒక కూతురు ఉంది. పాపను దత్తత తీసుకోవాలని నేనూ నా భార్యా నిశ్చయించుకున్నాం. అన్నయ్య పేరున ఇల్లు, ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉన్నాయి. ఇల్లు అమ్మి అప్పు తీర్చేద్దామంటే కుదురుతుందా? దత్తత తీసుకుంటే ఆస్తి నాకు వచ్చేస్తుందని బంధువులు నా మీద నింద వేస్తున్నారు.

జవాబు: మీ నిర్ణయం గొప్పది. అయితే పురోహితుణ్ణి పిలిచి దత్తత కాగితం రాసుకుంటే అది చెల్లదు. హిందూ దత్తత చట్టం 11వ సెక్షన్ ప్రకారం బతికి ఉన్న కూతురు గల వ్యక్తి మరో ఆడపిల్లను దత్తత తీసుకోలేడు. ఈ నిబంధన తెలియక రిజిస్టర్ చేయించుకున్న దత్తత పత్రాలు పెళ్లిళ్ల వేళ, ఉద్యోగాల వేళ కొట్టుకుపోవడం చూశాను. మీకున్న దారి బాలల న్యాయ చట్టం 2015. అందులో బంధువుల దత్తతకు ప్రత్యేక విధానం ఉంది, బాబాయి ఆ చట్టం చెప్పే బంధువే. కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే కారా వెబ్‌సైటులో జిల్లా బాలల సంరక్షణ విభాగం సహాయంతో నమోదు చేసుకుని, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు (2022 సెప్టెంబరుకు ముందైతే కోర్టు ఉత్తర్వు) పొందాలి. ఐదేళ్లు దాటిన బిడ్డ కాబట్టి పాప సమ్మతి కూడా కావాలి. అది కేవలం సంతకం వ్యవహారం అనుకోకండి. తల్లిదండ్రులను ఎనిమిది రోజుల్లో పోగొట్టుకున్న పిల్ల మిమ్మల్ని అమ్మానాన్నల స్థానంలో చూడటానికి కొంతకాలం పట్టవచ్చు. అంతదాకా 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టులో సంరక్షకుడిగా నియామకం కోరడం మంచిది. బడి, బ్యాంకు, పాస్‌పోర్టు, అన్ని చోట్లా ఆ ఉత్తర్వు చాలు. దత్తత తర్వాత చూసుకోవచ్చు.

ఇంటికి ఇప్పుడు యజమాని ఆ పాప. అన్నయ్య తల్లి, అంటే మీ అమ్మగారు, జీవించి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. మైనరు ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మరాదు. అమ్మితే పాప మేజరు అయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించగలదు. అమ్మే ముందు ఒక విషయం విచారించండి. గృహ రుణం ఇచ్చేటప్పుడు బ్యాంకులు తరచుగా రుణగ్రహీత పేరున బీమా చేయిస్తాయి. ఆ పాలసీ ఉంటే అప్పు దానితోనే తీరిపోవచ్చు, ఇల్లు పాపకు మిగలవచ్చు. బీమా లేకపోయినా తండ్రి అప్పు తండ్రి ఆస్తి మేరకే వసూలవుతుంది గాని, పిల్ల మీదో మీ మీదో పడదు. ఇక బంధువుల నింద గురించి చెప్పాలంటే, దత్తతకు ముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి దత్తత తర్వాతా బిడ్డదే. అది పెంచిన తండ్రికి రాదు.

తల్లిదండ్రులిద్దరినీ కొవిడ్‌తో కోల్పోయిన పిల్లల పేరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిరుడు మే నెలలో ప్రకటించిన 10 లక్షల డిపాజిట్‌కు మీరు దరఖాస్తు చేశారా, లేదా అన్నది రాయలేదు. చేయకపోతే వెంటనే కలెక్టరు కార్యాలయంలో విచారించండి. పాపకు 23 ఏళ్లు వచ్చేసరికి 10 లక్షలు అందించే కేంద్ర పథకం పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్‌లో నమోదు గడువు ఫిబ్రవరి 28తో ముగిసింది. మీ దరఖాస్తు ముందే అంది ఉండి జిల్లా స్థాయిలో ఆగిపోయి ఉంటే, దాని నంబరుతో కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వండి.

ఈ సందర్భంలో పాఠకులందరికీ ఒక మాట. సెకండ్ వేవ్ రోజుల్లో అనాథలైన పసిపిల్లలను దత్తత తీసుకోండంటూ ఫోన్ నంబర్లతో వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి. అలాంటి దత్తత నేరం. చట్టం నిర్దేశించిన మార్గం తప్పి బిడ్డను ఇచ్చినా, పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. డబ్బు చేతులు మారితే శిక్ష ఐదేళ్ల దాకా పోతుంది. అలాంటి బిడ్డ ఉన్నట్టు తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.

ప్రశ్న: విజయవాడలో నాది చిన్న బట్టల దుకాణం. నెలకు 25,000 అద్దె. రాతకోతలు లేవు. 2020 ఏప్రిల్ నుంచి జూలై వరకు అద్దె కట్టలేకపోయాను. లాక్‌డౌన్‌లో అద్దె అడగకూడదని కేంద్రం చెప్పింది కదా అని ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు యజమాని లక్ష రూపాయలు కట్టకపోతే నెలాఖరుకు తాళం వేస్తానంటున్నారు.

జవాబు: ఆ ధైర్యానికి ఆధారం లేదని చెప్పక తప్పదు. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వు వలస కార్మికులతో సహా కూలీల నుంచి ఒక నెల పాటు అద్దె అడగవద్దని, కూలీలను, విద్యార్థులను గదులు ఖాళీ చేయించవద్దని మాత్రమే చెప్పింది. అదీ మే 18 నుంచి అమలులో లేదు. దుకాణాలకు, కార్యాలయాలకు అద్దె మాఫీ చేసిన చట్టం ఏదీ రాలేదు. ఢిల్లీలో ఒక దుకాణం కేసులో అక్కడి హైకోర్టు 2020 మే 21న ఇదే ప్రశ్న పరిశీలించి, ఒప్పందంలో అలాంటి షరతు ఉంటే తప్ప, దుకాణం మూతపడినంత మాత్రాన అద్దె బాధ్యత పోదని తేల్చింది. స్థలం మీ స్వాధీనంలో ఉంచుకున్నన్నాళ్లూ అద్దె నడుస్తూనే ఉంటుందన్నది అందులోని సారాంశం. ఈ తీర్పు మన రాష్ట్రంలో కోర్టులను కట్టడి చేయదు గాని, దీనికి విరుద్ధంగా వాదించడానికి మీ దగ్గర రాతపూర్వక ఒప్పందమే లేదు.

దాదాపు రెండేళ్లు గడిచాయి గనుక బకాయి కాలదోషం పట్టిందనుకోవడమూ పొరపాటే. అద్దె బకాయికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. పైన చెప్పిన జనవరి 10 నాటి ఉత్తర్వు వల్ల 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలం లెక్కలోకే రాదు. ఆ వెసులుబాటు మీలాంటివారికి ఎంత ఉందో మీ మీద దావా వేసేవారికీ అంతే ఉంది.

అయితే తాళం వేసే హక్కు ఆయనకు లేదు. బకాయి ఉన్నా సరే, అద్దెదారును చట్టప్రకారం కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. మీ ఇష్టానికి విరుద్ధంగా బలవంతంగా ఖాళీ చేయిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో అసలు హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా రాదు. తాళం వేస్తారన్న భయం నిజంగా ఉంటే ముందుగానే సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు కోరండి. ఇవన్నీ చెప్పిన తర్వాత నా సలహా ఏమిటంటే, యజమానితో కూర్చుని బకాయిలో కొంత తగ్గించమని అడిగి, మిగిలినది వాయిదాలుగా కట్టేలా కాగితం రాసుకోండి. ఆ ఏడాది అద్దె మీదే ఇల్లు గడుపుకున్న యజమానులూ చాలామంది ఉన్నారు. హామీగా ముందు తేదీల చెక్కులు ఇచ్చేటట్లయితే ఖాతాలో డబ్బు ఉంటుందని నమ్మకం ఉన్నప్పుడే ఇవ్వండి. చెక్కు చెల్లకపోతే సివిల్ బాకీ కాస్తా క్రిమినల్ కేసు అవుతుంది.

మీకు బ్యాంకు రుణం ఉంటే ఒక చిన్న లెక్క సరిచూసుకోండి. 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ఆరు నెలల మారటోరియం (వాయిదాలు కట్టకుండా ఆగే వెసులుబాటు) కాలానికి వడ్డీ మీద వడ్డీ, అపరాధ వడ్డీ వేయరాదని, వేసి ఉంటే సర్దుబాటు చేయాలని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పు ఇచ్చింది. రుణం ఎంతైనా ఇది వర్తిస్తుంది. మామూలు వడ్డీ మాత్రం మాఫీ కాలేదు.

ప్రశ్న: కరీంనగర్. మా అమ్మాయి పెళ్లి నిరుడు మే చివరలో పెట్టుకుని ఫంక్షన్ హాలుకు లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చాం. మే 12న లాక్‌డౌన్ పెట్టారు. పెళ్లి మా ఇంటి ముందే 40 మందితో చేశాం. అడ్వాన్సు అడిగితే, ఏడాదిలోగా ఇంకో శుభకార్యం చేసుకోండి, డబ్బు వెనక్కి ఇవ్వం అంటున్నారు. రసీదు మీద అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు అని అచ్చు వేసి ఉంది.

జవాబు: మీకున్న ఒక్కగానొక్క అమ్మాయి పెళ్లి అయిపోయాక మరో శుభకార్యం ఎక్కడి నుంచి తెస్తారు? ఒప్పందం చేసుకున్నాక ఎవరి తప్పూ లేకుండా దాని అమలు అసాధ్యమైతే ఆ ఒప్పందం రద్దవుతుందని కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, అలా రద్దయిన ఒప్పందం కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతాయి. అసాధ్యమంటే అక్షరాలా అసాధ్యం కానక్కరలేదు, ఇరుపక్షాలు దేన్ని ఉద్దేశించుకుని ఒప్పందం చేసుకున్నాయో ఆ ప్రయోజనమే దెబ్బతిన్నా చాలునని సుప్రీంకోర్టు 1953లోనే చెప్పింది. 40 మందితో మా హాలులోనే చేసుకోవచ్చు కదా అని యజమాని వాదించవచ్చు. వందల మందికి సరిపడే హాలును ఆ వందల మంది కోసమే మాట్లాడుకున్నారన్నది మీ సమాధానం. రసీదు మీద అచ్చువేసిన వాక్యం మీరు మనసు మార్చుకుని రద్దు చేసుకున్న సందర్భానికి వర్తిస్తుందే గాని, ప్రభుత్వ ఉత్తర్వు వల్ల ఆగిపోయిన దానికి వర్తించదని వాదించడానికి మంచి అవకాశం ఉంది. ఆయన నిజంగా ఖర్చు పెట్టినది ఏమైనా ఉంటే, లెక్క చూపితే, ఆ మేరకు తగ్గించుకోవడానికి మీరు ఒప్పుకోవడం న్యాయం.

ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. 15 రోజుల్లో స్పందన లేకపోతే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదుకు రెండేళ్ల వ్యవధి ఉంది, అందులోనూ ఫిబ్రవరి 28 వరకు కాలం మినహాయింపే కాబట్టి మీకు తొందర లేదు.

ప్రశ్న: హనుమకొండలో ఉంటాం. మా బాబు బడికి 2020-21లో ఆన్‌లైన్ తరగతులే జరిగినా స్కూలువాళ్లు రవాణా, లైబ్రరీ, ఇతర ఫీజులు కూడా బకాయి చూపించి, పరీక్ష ఫలితం చెప్పడం లేదు. మా అమ్మాయి 2021-22లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరి, ఇంకోచోట సీటు వచ్చి అక్టోబరు మొదట్లోనే మానేసింది. ఫీజు వెనక్కి ఇవ్వరు, ఇంటర్ మెమో కూడా ఇవ్వడం లేదు.

జవాబు: బాబు విషయంలో, 2020-21కి ఫీజులు పెంచరాదని, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలవారీగా వసూలు చేయాలని తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 21న జీవో 46 ఇచ్చింది. తిరగని బస్సుకు డబ్బు అడగడం దానికి విరుద్ధం. ఫీజు బకాయి ఉందని విద్యార్థిని తరగతుల నుంచి తప్పించరాదని, ఫలితాలు ఆపరాదని రాజస్థాన్ పాఠశాలల కేసులో సుప్రీంకోర్టు 2021 మే 3న చెప్పింది. న్యాయమైన ట్యూషన్ ఫీజు బాకీ ఉంటే అది కట్టి, మిగతాదాని మీద జిల్లా విద్యాశాఖాధికారికి జీవో నకలు జతచేసి ఫిర్యాదు ఇవ్వండి.

అమ్మాయి విషయం మరింత సూటిగా ఉంది. 2021 అక్టోబరు 31 లోపు మానేసినవారికి పూర్తి ఫీజు, ఆ తర్వాత డిసెంబరు 31 లోపు మానేసినవారికి 1,000 రూపాయలకు మించకుండా తగ్గించుకుని మిగతాదంతా తిరిగి ఇవ్వాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆ ఏడాదికి ఆదేశించింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడాన్ని 2018లోనే నిషేధించింది. చేరేటప్పుడు పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. మానేసిన తేదీ తెలిసేలా మీరు ఇచ్చిన కాగితమో, ఈమెయిలో ఉందా చూడండి. దాన్ని జతచేసి కాలేజీకి, విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు, యూజీసీకి ఒకే రోజు రాయండి.

ప్రశ్న: నిజామాబాద్ జిల్లా. లాక్‌డౌన్‌లో బండి మీద బయటికి వచ్చానని నా మీద 188 సెక్షన్ (అధికారుల ఉత్తర్వు మీరడం) కేసు రాశారు. ఆ తర్వాత పోలీసులు పిలవలేదు. ఇప్పుడు దుబాయిలో పని దొరికింది. పాస్‌పోర్టు రెన్యువల్ ఆగుతుందా?

జవాబు: ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన ఆగకూడదు. పాస్‌పోర్టు చట్టం ప్రకారం నిరాకరించాలంటే క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తూ ఉండాలి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో మీ పేరుతోనూ, స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరుతోనూ వెతికి కోర్టుకు కేసు చేరిందా చూడండి. 188 సెక్షన్ కింద కోర్టు విచారణకు తీసుకోవాలంటే సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు తప్పనిసరి. పోలీసు చార్జిషీటు ఒక్కటే ఉంటే దాన్ని కొట్టేయమని హైకోర్టును కోరవచ్చు. కేసు నడుస్తూ ఉంటే ఆ కోర్టు నుంచే విదేశాలకు వెళ్లడానికి అనుమతి ఉత్తర్వు తెచ్చుకుని దరఖాస్తుకు జతచేస్తే పాస్‌పోర్టు ఇస్తారు. ఏజెంటు చెప్పాడని దరఖాస్తులో కేసులు లేవని మాత్రం రాయకండి. ఈ కేసులో పడే శిక్ష చిన్నదే గాని, వివరాలు దాచితే పాస్‌పోర్టే స్వాధీనం చేసుకోవచ్చు, మీరు దుబాయిలో పనిలో ఉన్నప్పుడైనా సరే.